స్పిట్‌ఫైర్ టేకాఫ్‌కి ఫ్లాప్స్ వేయాలా వద్దా? తలా ఒక మాట చెబుతున్నారు

గాలిపటం:
అన్నలూ, డీసీఎస్ (కంప్యూటర్‌లో యుద్ధవిమానాలు నడిపే సిమ్యులేటర్ గేమ్) మొదలుపెట్టి నెలయింది. అంతకుముందు వేరే సిమ్‌లో రెండేళ్లు సెస్నా 172 అనే చిన్న విమానం ఒక్కటే నడిపాను. అక్కడ రన్‌వే పొట్టిదైతే ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) 10 డిగ్రీలు దించి లేపడం అలవాటు. అదే అలవాటుతో రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ నైన్‌లో కూడా ఫ్లాప్స్ దించాను. లేస్తుంది, కాదనను. ఓ ముప్పై అడుగులు ఎక్కాక ఫ్లాప్స్ పైకి తీస్తే దభీమని నేల మీద పడుతుంది. పొద్దున్నుంచి ఏడుసార్లు ఇదే తంతు. పోనీ ఫ్లాప్స్ లేకుండా పోదామంటే ఎడమకి లాగేసి గడ్డిలోకి ఈడ్చుకుపోతోంది. జర్మన్ల మెసర్‌ష్మిట్ 109కి మాత్రం ఫ్లాప్స్ తప్పనిసరి అని ఎక్కడో చదివాను. రెండూ ఒకే కాలం విమానాలే కదా, ఎందుకీ తేడా?

తోకచక్రం:
బ్రదర్, స్పిట్‌ఫైర్ ఫ్లాప్స్‌కి 10, 20 అనే లెక్కే లేదు. ఉంటే పైన, లేదంటే పూర్తిగా కింద, అంటే దాదాపు 85 డిగ్రీలు. అదీ గాలి ఒత్తిడితో పనిచేసేది కాబట్టి లీవర్ కదపగానే టక్కున పడిపోతుంది, తీసినా అంతే. పైగా రెక్క వెనక అంచు మొత్తం వంగదు, కింది పలక మాత్రమే తలుపు తెరిచినట్టు తెరుచుకుంటుంది. ల్యాండింగ్‌లో స్పీడ్ చంపడానికి అది బంగారం. టేకాఫ్‌లో మాత్రం ఇంజన్ ముందుకు లాగుతుంటే నువ్వు వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డట్టే. ఆ స్పీడ్‌లో ఫ్లాప్స్ ఒక్కసారిగా తీస్తే అప్పటిదాకా రెక్కకి దొరికిన లిఫ్ట్ (పైకెత్తే బలం) కూడా ఒక్కసారిగా పోతుంది, అందుకే పడుతున్నావు.

దీని మీద ఒక ముచ్చట ఉంది. 1942లో మాల్టా దీవికి స్పిట్‌ఫైర్లు పంపాల్సి వచ్చినప్పుడు ఈగిల్ లాంటి విమాన వాహక నౌకల మీద నుంచి లేపారు. డెక్ పొట్టిది, ఫ్లాప్స్ లేకుండా కుదరదు, పూర్తిగా దించితే అసలుకే మోసం. అందుకని ఫ్లాప్‌కీ రెక్కకీ మధ్య చెక్క ముక్కలు ఇరికించి, సగంలోనే ఆగేలా చేశారు. గాల్లోకి లేచి కాస్త ఎత్తు తీసుకున్నాక పైలట్ ఫ్లాప్స్ పూర్తిగా దించితే ఆ చెక్కలు సముద్రంలో రాలిపోయేవి, అప్పుడు పైకి తీసేవాడు. సిమ్‌లో నీకా చెక్కలు ఇవ్వరు కాబట్టి ఫ్లాప్స్ సంగతి మర్చిపో.

ఎండమావి:
109 గురించి నేను చెప్తా, నా రోజువారీ బండి అదే. స్పిట్‌ఫైర్ రెక్క వైశాల్యం సుమారు 22.5 చదరపు మీటర్లు, 109ది 16 చిల్లర. బరువులో మాత్రం అంత తేడా లేదు, 109లో జీ రకం కూడా మూడు టన్నులు దాటుతుంది. అంత బరువుని అంత చిన్న రెక్క మోయాలి కాబట్టి టేకాఫ్‌కి 20 డిగ్రీలు వేస్తారు. దాంట్లో సీటు ఎడమ పక్కన రెండు చక్రాలుంటాయి, ఒకటి ఫ్లాప్స్‌కి, ఒకటి తోక ట్రిమ్‌కి (ముక్కు పైకీ కిందికీ పోకుండా సరిచేసేది), రెండూ చేత్తో తిప్పేవే. కాబట్టి ఎంత కావాలంటే అంత దగ్గర ఆపుకోవచ్చు. తీసేటప్పుడు కూడా మెల్లగా తిప్పుతాం కాబట్టి నీకు జరిగినట్టు దభీమని పడటం ఉండదు. ఓపిక లేక నేను కీబోర్డ్ మీద పెట్టుకున్నా, అది వేరే సంగతి.

బెజవాడ బుల్లోడు:
అమెరికా వాళ్ల మస్టాంగ్ (పీ-51) సంగతి ఎవరూ అనలేదు. నేను ప్రతిసారీ 20 డిగ్రీలు వేసే లేపుతా, ఏ ఇబ్బందీ లేదు.

తోకచక్రం:
@బెజవాడ బుల్లోడు ఇబ్బంది లేదు సరే, అవసరం కూడా లేదు. మామూలు టేకాఫ్‌కి పీ-51డీ ఫ్లాప్స్ పైనే ఉంచుతారు. 15 నుంచి 20 డిగ్రీలు అనేది పొట్టి రన్‌వేకి. దాని లీవర్‌కి పదేసి డిగ్రీల మెట్లున్నాయి కాబట్టి ఆ వీలుంది, స్పిట్‌ఫైర్‌కి లేదు, అంతే.

@గాలిపటం నీ అసలు జబ్బు ఫ్లాప్స్ కాదు, గడ్డిలోకి పోవడం. థ్రాటిల్ (ఇంజన్ శక్తి పెంచే లీవర్) ఒకేసారి ముందుకి తోసేస్తున్నావని నా అనుమానం. రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక పలక) ట్రిమ్ పూర్తిగా కుడికి తిప్పు, బ్రేకులు వదిలాక నెమ్మదిగా తెరువు, +7 బూస్ట్ (ఇంజన్‌లోకి గాలి తోసే ఒత్తిడి) చాలు, 12 దాకా పోనక్కర్లేదు. నీ నైన్‌లో ఉన్న మెర్లిన్ ఇంజన్ ఎడమకే లాగుతుంది, లాగాక రడ్డర్ పెడల్ తొక్కితే ఆలస్యమైనట్టే, లాగబోతుందనిపించినప్పుడే కుడికాలు పని చెయ్యాలి. రేపెప్పుడైనా గ్రిఫన్ ఇంజన్ ఉన్న స్పిట్‌ఫైర్ ఎక్కితే మాత్రం ఇదంతా తలకిందులు, దాని ప్రొపెల్లర్ ఎదురు దిక్కున తిరుగుతుంది కాబట్టి కుడికి లాగుతుంది.

గాలిపటం:
అన్నా, ఫ్లాప్స్ ముట్టుకోకుండా, మీరు చెప్పినట్టు థ్రాటిల్ లోపల పది లెక్కపెట్టుకుంటూ తెరిచాను. మూడోసారికి లేచింది! కొంచెం వంకరగానే, ఒక చెట్టుకి నమస్కారం పెట్టి మరీ. నా దగ్గర పెడల్స్ లేవు, జాయ్‌స్టిక్ తిప్పి రడ్డర్ వాడుతున్నా, అందుకే వంకర అనుకుంటా. ఇంకో సందేహం, ల్యాండింగ్‌కి ఆ 85 డిగ్రీలు ఎంత స్పీడ్‌లో దించాలి? నిన్న వేగంగా ఉన్నప్పుడు దించితే ముక్కు కిందికి పోయింది, గుండె జారింది.

ఎండమావి:
దానికి వేరే థ్రెడ్ పెట్టు తమ్ముడూ, అది ఇంకో రాత్రి పని. ముందు పెడల్స్ కొను.