స్వింగ్ వేగం గంటకు 85 మైళ్ళు: ఏ గోల్ఫ్ బంతి తీసుకోవాలి?

ప్రశ్న (హైదరాబాదు సభ్యుడు)

అందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ దగ్గర పడుతున్న వయసులో గోల్ఫ్ మొదలుపెట్టినవాణ్ణి. వారాంతాల్లో గోల్కొండ నయా ఖిల్లా కోర్సులో ఆడుతుంటాను. ఈ మధ్య సిమ్యులేటర్ మీద కొలిపించుకుంటే డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) నా స్వింగ్ వేగం, అంటే బంతిని తాకేటప్పుడు క్లబ్ తల వేగం, గంటకు 85 మైళ్ళ దగ్గర తేలింది. ఇంత తక్కువ వేగానికి గట్టి బంతి నొక్కుకోదని, కంప్రెషన్ (బంతి ఎంత గట్టిదో చెప్పే అంకె) తక్కువగా ఉన్న మెత్తని బంతే తీసుకోవాలని తెలిసినవారు సలహా ఇవ్వడంతో కాలవే సూపర్‌సాఫ్ట్ వాడుతున్నాను. డ్రైవర్‌తో ఫరవాలేదు, దెబ్బ తగిలినప్పుడు చేతికి హాయిగానే ఉంటుంది. అయితే 8 ఐరన్‌తో (మధ్య దూరాలకు వాడే క్లబ్) కొట్టిన బంతి గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నని గడ్డి) మధ్యలో పడినా ఆగకుండా వెనక అంచు దాటి వెళ్ళిపోతోంది, చిప్ చేసినా (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న షాట్) అదే వరస. నాతో ఆడే మిత్రుల్లో ఒకరు టైట్లిస్ట్ ప్రో వీ1 వాడి చూడమంటే, అది టూర్ (వృత్తి ఆటగాళ్ళ పోటీల) ఆటగాళ్ళ బంతి, నీ వేగానికి డబ్బు దండగ అని మరొకరు అంటున్నారు. స్వింగ్ వేగాన్ని బట్టి బంతిని ఎంచుకునే పద్ధతి నిజంగా ఉందా?

జవాబు 1 (ఫ్రిస్కో, టెక్సస్ సభ్యుడు)

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే చిక్కు స్వింగ్ వేగంలో లేదండీ, బంతి పైపొరలో ఉంది.

నెమ్మదిగా కొట్టేవారు గట్టి బంతిని నొక్కలేరన్న మాట చాలా పాతది. బంతి లోపల రబ్బరు దారం బిగించి చుట్టే రోజుల్లో పెట్టెల మీద 90, 100 అని కంప్రెషన్ అంకెలు వేసి అమ్మేవారు కాబట్టి, ఎవరి బలానికి ఏ అంకె అన్న లెక్క అప్పటి నుంచీ వాడుకలో ఉంది. 2000 అక్టోబరులో లాస్ వేగాస్ టోర్నమెంటులో ప్రో వీ1 బరిలోకి దిగాక దారం బంతులు కొద్ది కాలంలోనే టూర్ నుంచి మాయమయ్యాయి గాని, ఆ లెక్క మాత్రం నేటికీ చెలామణీలో ఉంది. నిజానికి డ్రైవర్ ముఖానికి బంతి తాకి ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు సేపే. ఆ కాస్త వ్యవధిలో, కొట్టినవారు ఎవరైనా సరే, బంతి నొక్కుకుని తిరిగి విచ్చుకుంటుంది. వేగంగా కొడితే ఎక్కువ నొక్కుకుంటుంది, నెమ్మదిగా కొడితే తక్కువ. మెత్తని బంతి ఎక్కువ దూరం పోతుందన్నదీ అపోహే. యంత్రంతో కొట్టించి చూసినప్పుడు మెత్తని బంతులు సాధారణంగా కొంచెం తక్కువ వేగంతోనే బయలుదేరుతాయి, అయితే 85 మైళ్ళ దగ్గర ఆ తేడా మీరు పట్టించుకోవలసినంత ఉండదు.

ఇక గ్రీన్ మీద ఆగకపోవడం గురించి. డ్రైవర్ దెబ్బకు బంతి ఎలా స్పందిస్తుందన్నది చాలా వరకు లోపలి కోర్ తేలుస్తుంది. వెడ్జ్‌తో (గ్రీన్ దగ్గర వాడే క్లబ్) వేసే చిన్న షాట్‌లో మాత్రం పెత్తనమంతా పైపొరదే. మీరు వాడే బంతి పైపొర అయనోమర్ అనే ప్లాస్టిక్ జాతికి చెందినది. అది గట్టిది, తొందరగా గీతలు పడదు, చవక కూడా, కాని చిన్న షాట్‌లో క్లబ్ ముఖం మీద జారిపోతుంది. ప్రో వీ1, స్రిక్సన్ జెడ్-స్టార్, బ్రిడ్జ్‌స్టోన్ టూర్ బీ వంటి బంతులకు పలుచని యురెథేన్ పైపొర ఉంటుంది. క్లబ్ ముఖం మీది గాడులకూ లోపలి గట్టి పొరకూ మధ్య ఆ మెత్తని యురెథేన్ నలిగి పట్టు చిక్కించుకుంటుంది కనుకనే స్పిన్, అంటే బంతి వెనకవైపుకు గిరగిరా తిరగడం, పుడుతుంది.

వేగం తక్కువ ఉన్నవారికి ఈ స్పిన్ అవసరం మరింత ఎక్కువ. జోరుగా కొట్టేవారి ఐరన్ షాట్ ఎత్తు నుంచి నిటారుగా దిగుతుంది కాబట్టి స్పిన్ కొంత తగ్గినా ఆగుతుంది; మన షాట్ ఏటవాలుగా వస్తుంది, పైగా ఎండకు గట్టిపడిన గ్రీన్ అయితే పడిన చోట నిలవడానికి స్పిన్ తప్ప వేరే ఆధారం ఉండదు. ఎల్‌పీజీఏ (మహిళల వృత్తి గోల్ఫ్) టూర్ క్రీడాకారిణుల సగటు డ్రైవర్ వేగం గంటకు 94 మైళ్ళ దగ్గర ఉంటుంది, అంటే మగవారి టూర్ సగటు కన్నా దాదాపు 20 మైళ్ళు తక్కువ, అయినా వారు వాడేది యురెథేన్ బంతులే. ఆ సంగతి మీ రెండో మిత్రునికి చెప్పి చూడండి.

జవాబు 2 (విశాఖపట్నం సభ్యుడు)

పై మిత్రుని మాటలో చాలా భాగం ఒప్పుకుంటాను గాని, స్వింగ్ వేగాన్ని పూర్తిగా తీసిపారేయడం సరికాదని నా అభిప్రాయం. బ్రిడ్జ్‌స్టోన్ సంస్థ తన టూర్ బీ బంతుల్లో ఆర్ఎక్స్, ఆర్ఎక్స్ఎస్ రకాలను 105 మైళ్ళ లోపు వేగం ఉన్నవారికి, ఎక్స్, ఎక్స్ఎస్ రకాలను అంతకు పైన ఉన్నవారికి సూచిస్తుంది. టైట్లిస్ట్ వారు ఇందుకు భిన్నంగా, డ్రైవర్ వేగం చూడవద్దు, గ్రీన్ దగ్గర మొదలుపెట్టి టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) వైపు వెనక్కి రమ్మంటారు. ఇద్దరూ బంతులు అమ్ముకునేవారే కనుక ఎవరి సరుకుకు నప్పే మాట వారు చెబుతారనుకోండి, అయినా బ్రిడ్జ్‌స్టోన్ మాటలోనూ కొంత నిజం ఉంది. 85 మైళ్ళ వేగానికి డ్రైవర్ స్పిన్ మరీ తగ్గితే బంతి గాలిలో నిలవక ముందే దిగిపోతుంది. స్పిన్ మరీ పెరిగితే ఎదురుగాలికి పైకి లేచి అక్కడే కూలబడుతుంది, స్లైస్ (బంతి పక్కకు వంగిపోయే తప్పు దెబ్బ) ఉన్నవారికి వంపు కూడా పెరుగుతుంది. మా ఈస్ట్ పాయింట్ కోర్సులో మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైన తరువాత ఆడేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అందువల్ల యురెథేన్ పైపొర తప్పనిసరి అనుకుని, ఆ గుంపులోనే మీకు నప్పే కంప్రెషన్ వెతకడం మేలు. స్రిక్సన్ క్యూ-స్టార్ టూర్ అలాంటిదే: పైపొర యురెథేన్, కంప్రెషన్ 70ల్లో, ధర కూడా పై తరగతి బంతుల కన్నా తక్కువ. అయితే ఒక్కో కంపెనీ కంప్రెషన్‌ను ఒక్కో విధంగా కొలుస్తుంది కనుక ఒకరి అంకెను మరొకరి అంకెతో పోల్చి నిర్ణయాలు తీసుకోకండి. చేతికి మెత్తగా ఉండడాన్ని కూడా నేను తక్కువ చేయను. పటింగ్‌లో (గ్రీన్ మీద బంతిని రంధ్రం వైపు దొర్లించడం) చెవికి వినిపించే శబ్దం నచ్చకపోతే దూరం అంచనా తప్పే ఆటగాళ్ళు చాలామంది ఉన్నారు.

హైదరాబాదు సభ్యుడు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రెండు సందేహాలు మిగిలాయి. రకరకాల బంతులను పోల్చి చూడడానికి సిమ్యులేటర్ సరిపోతుందా? ఇంకొకటి, నేను ఒక్కో రౌండులో రెండు మూడు బంతులైనా నీళ్ళలోకో పొదల్లోకో పంపుతుంటాను. ఖరీదైన బంతులు వాడడానికి చేయి ఆడడం లేదు. కేడీలు అమ్మే పాత బంతులు తీసుకోవచ్చా?

జవాబు 1 (ఫ్రిస్కో, టెక్సస్ సభ్యుడు)

సిమ్యులేటర్ దగ్గర సాధారణంగా వారి బంతులే ఇస్తారు, రేంజ్‌లో (సాధన మైదానం) అయితే గట్టి పైపొర ఉన్న రేంజ్ బంతులు. వాటితో స్వింగ్ వేగం తెలుస్తుంది గాని, మీరు కొనబోయే బంతి స్పిన్ తెలియదు. కోర్సు ఖాళీగా ఉన్న సాయంత్రం ఒకటి చూసుకుని, రెండు రకాల బంతులు మూడేసి తీసుకుని, ముందు గ్రీన్ పక్క నుంచి చిప్ చేయండి, తరువాత 50 గజాల నుంచి, ఆ తరువాత మీ 8 ఐరన్ దూరం నుంచి కొట్టండి. పడిన చోటికీ ఆగిన చోటికీ మధ్య ఎన్ని అడుగులు ఉందో అదే మీకు కావలసిన అంకె. డ్రైవర్ సంగతి అన్నిటికన్నా చివర చూడండి. రౌండులో కూడా పరీక్షించవచ్చు: ఒకే రకం బంతితో రౌండు ముగించాలన్న స్థానిక నిబంధన పెట్టేది పై స్థాయి పోటీల్లోనే కనుక, మీరు ఒక హోల్ ముగిసి మరొకటి మొదలయ్యేటప్పుడు బంతి మార్చుకోవచ్చు.

జవాబు 2 (విశాఖపట్నం సభ్యుడు)

ధర విషయంలో ఒక్క మాట. ఎంత ఖరీదైన బంతి అయినా బరువు 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, యంత్రంతో కొట్టినప్పుడు పోగల దూరానికీ నియమాల్లో హద్దు ఉంది. కాబట్టి ఎక్కువ డబ్బు పెట్టినందుకు మీకు దొరికేది గ్రీన్ దగ్గరి పట్టే గాని, డ్రైవర్ దూరం కాదు.

కేడీల దగ్గర కొనేటప్పుడు పొదల్లో దొరికిన బంతులు తీసుకోండి. నీళ్ళలో ఎక్కువ కాలం నానినవి దూరం కోల్పోతాయి, ఎన్నాళ్ళు నానిందో పైకి చూసి చెప్పలేం. మళ్ళీ రంగు వేసి మెరిపించిన బంతుల జోలికి అసలు పోవద్దు, ఎందుకంటే ఆ రంగు కింద పొర చిట్లిందో లేదో కనబడదు, దాని మీద ముద్రించిన పేరును కూడా నమ్మలేం. కొద్దిగా వాడిన క్యూ-స్టార్ టూర్ బంతులు అరడజను దొరికితే చాలు, పై మిత్రుడు చెప్పిన పరీక్ష వాటితోనే మొదలుపెట్టవచ్చు. 8 ఐరన్ ఫలితం ఏమిటో ఇక్కడ రాయండి. అప్పటికీ ఆగకపోతే బంతిని వదిలి మీ క్లబ్ లాఫ్ట్ (ముఖం వాలు) గురించి, గాడుల అరుగుదల గురించి మాట్లాడుకుందాం.