లవంగపట్ట, లవంగమొగ్గ ఒకటేనా?

శబ్దార్థి:
పాత చేతిరాత కాగితం ఒకటి చూశాను. పలావు దినుసుల్లో ఇలా ఉంది: "శేరు బియ్యానికి లవంగపట్ట అర తులం, లవంగమొగ్గలు ఆరు, యాలక్కాయలు ఆరు". ఒకే వరసలో రెండూ ఉన్నాయి కాబట్టి రెండూ వేరువేరని తెలుస్తోంది. అయితే లవంగపట్ట అంటే ఏమిటి? లవంగం చెట్టు బెరడా? మొగ్గ అని విడిగా చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

పోపులపెట్టె:
లవంగపట్ట అంటే దాల్చినచెక్కేనండీ. లవంగం చెట్టుకూ దానికీ సంబంధం లేదు. అరవంలో ఇప్పటికీ దాల్చినచెక్కను ఇలవంగప్పట్టై అనే అంటారు, లవంగాన్ని కిరాంబు అంటారు. అందుకే చిత్తూరు, నెల్లూరు వైపు పాత కాగితాల్లో పట్ట అని కనిపిస్తే అది చెక్కే అనుకోండి.

ఇక్కడ పొరబడితే వంట మొత్తం పోతుంది. తులం అంటే పదకొండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ, అర తులం ఆరు గ్రాములకు కొంచెం తక్కువ. బాగా ఎండిన లవంగం ఒక్కోటి గ్రాములో పదో వంతు ఉంటుంది. అర తులం లవంగాలంటే అరవై దాకా తేలతాయి! కిలో బియ్యానికి ఎనిమిది, పది చాలు. అరవై పడితే ఆ పలావు పంటి డాక్టరు గది వాసన కొడుతుంది. మాట వరసకి అనడం లేదు, పళ్ల వైద్యంలో తాత్కాలికంగా పెట్టే సిమెంటులో జింక్ ఆక్సైడుతో కలిపేది లవంగ నూనెలో ఉండే యూజినాలే.

కృష్ణాతీరం:
'చెక్కా లవంగం' అని జంటగా అంటాం చూడండి, అక్కడ చెక్క అంటేనే దాల్చిన. ముందు దాల్చిన అని చెప్పక్కర్లేదు. కోస్తాలో పట్ట అనే మాట ఇప్పుడు దాదాపు వినపడదు. మొగ్గ కూడా అంతే, కొట్లో "లవంగాలు యాభై గ్రాములు" అంటే చాలు.

గోల్కొండ దినుసులు:
వినపడకపోయినా మొగ్గ అన్నదే సరైన మాట. ఒక లవంగాన్ని వేళ్ల మధ్య తిప్పి చూడండి. కింద కాడ. పైన నాలుగు పళ్లు, అవి రక్షకపత్రాలు. వాటి నడుమ గుండ్రటి బుడిపె. ఆ బుడిపె విచ్చుకోని పూరేకుల ముద్ద, లోపల కేసరాలు ముడుచుకుని ఉంటాయి. ఆకుపచ్చ పోయి ఎరుపు తిరుగుతున్నప్పుడు, విచ్చుకోకముందే కోసి ఎండబెడతారు. పువ్వు విచ్చుకుందంటే సరుకు ధర పడిపోయినట్టే.

కొనేటప్పుడు చూడాల్సిందీ అదే. బుడిపెలు రాలి కాడలే మిగిలిన సరుకు వద్దు. గోరుతో కాడను నొక్కితే నూనె చెమర్చాలి. గ్లాసు నీళ్లలో వేస్తే మంచివి మునుగుతాయి, లేదా తల పైకి పెట్టి నిటారుగా నిలబడతాయి. నీటి మీద అడ్డంగా పడుకుని తేలేవి నూనె పిండేసిన పిప్పి. రంగు నల్లగా ఉన్నంత మాత్రాన మంచివని కాదు.

శబ్దార్థి:
'లవంగలత' అంటారు కదా, మరి అది తీగా?

కృష్ణాతీరం:
చెట్టేనండీ, పది మీటర్లు దాకా పెరుగుతుంది. లత కవుల మాట. అమరకోశం 'లవంగం దేవకుసుమం' అంటుంది, అంటే పువ్వు అని వాళ్లకూ తెలుసు. ఇంకా బాగున్నది కాళిదాసు రఘువంశం ఆరో సర్గలో ఉంది. స్వయంవరంలో కళింగ రాజు హేమాంగదుణ్ణి రాకుమారి ఇందుమతికి పరిచయం చేస్తూ, తాటితోపులు గలగలలాడే సముద్రతీరంలో ఇతనితో విహరించు, 'ద్వీపాంతరానీత లవంగపుష్పైః' గాలులు నీ చెమట ఆరుస్తాయి అంటుంది ఆమె పరిచారిక సునంద. వేరే దీవుల నుంచి లవంగ పూలను మోసుకొచ్చే గాలులన్నమాట. ఆ రాజు ఏలిన మహేంద్రగిరి మన శ్రీకాకుళం సరిహద్దు దాటితే ఉంది. లవంగం పుట్టిల్లు ఇండోనేషియాలోని మలుకు దీవులు. ఇది ఓడలెక్కి వచ్చిన సరుకని కాళిదాసుకు తెలుసన్నమాట.

నవశిష్య:
కాళిదాసు సంగతి బాగుంది గానీ, నాకో చిన్న సందేహం. వంటల్లో 'లవంగాలు చిట్లనివ్వాలి' అని కొందరు, 'ఉబ్బనివ్వాలి' అని కొందరు రాస్తారు. ఏది సరి?

పోపులపెట్టె:
ఉబ్బాలి. చిట్లేది ఆవాలు. పోపు అలవాటులో ఆ క్రియను లవంగానికీ తగిలించేస్తారు. యూజినాల్ నీళ్లలో పెద్దగా కరగదు, నూనెలో కరుగుతుంది, అందుకే ముందు నెయ్యిలోనో నూనెలోనో వేస్తాం. నూనె కాగాక మంట తగ్గించి మొదట చెక్క, తర్వాత లవంగాలు, యాలకులు, చివర్న షాజీరా వెయ్యాలి. షాజీరా ముందే వేస్తే మిగతావి వేగేలోగా మాడుతుంది. లవంగం అర నిమిషంలోపే ఉబ్బి వాసన వస్తుంది, వెంటనే ఉల్లిపాయ వేసెయ్యండి. పెద్ద మంట మీద అది టప్పున పేలి నూనె మీద పడుతుంది, తర్వాత నల్లబడి చేదెక్కుతుంది. ఒకసారి మాడాక ఆ చేదు పోదు. ఆ నూనె పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే.

గ్లాసు బియ్యానికి రెండో మూడో చాలు. కుర్మాలాంటివాటిలో లవంగాలు ఉడికాక కూడా ఘాటు దిగుతూనే ఉంటుంది, అందుకే మర్నాటికి మిగిలిన కూర ఇంకా ఘాటెక్కుతుంది. పలచటి గుడ్డలో మూట కట్టి వేస్తే దించేటప్పుడు తీసెయ్యొచ్చు. బూందీ లడ్డూకైతే విడిగా నేతిలో వేయించి కలపాలి, పచ్చివి కలిపితే పంటికింద కర్రముక్కలా ఉంటాయి.

నవశిష్య:
ఘాటు, కారం ఒకటి కాదా?

కృష్ణాతీరం:
కాదు. మిరపకాయది కారం, మండుతుంది. లవంగానిది ఘాటు, ముక్కుకెక్కి నాలుకను మొద్దుబారుస్తుంది, వెనక కాస్త చేదు ఉంటుంది. 'లవంగి మిరపకాయ' అన్న పేరు చూసి మోసపోకండి, అందులో లవంగం రుచేమీ లేదు, లవంగమంత చిన్నదని ఆ పేరు.

గోల్కొండ దినుసులు:
ఆ మొద్దుబారడమే పంటినొప్పికి పనికొచ్చేది. ఒక లవంగాన్ని నొప్పి ఉన్న పంటి పక్కన పెట్టుకుని మెల్లగా నమలాలి. లవంగ నూనె మాత్రం నేరుగా రాయకూడదు, చిగుళ్లు కాలుతాయి. పిల్లలకు అసలు వద్దు. నొప్పి తగ్గితే పుచ్చు తగ్గినట్టు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

బియ్యం డబ్బాలో వేసే సంగతి కూడా చెప్పేస్తాను. ఐదు కిలోలకు పది, పదిహేను లవంగాలు గుడ్డలో కట్టి పెడితే బయటి పురుగు రావడం కాస్త తగ్గుతుంది, అంతే. లోపల ఇప్పటికే గుడ్లున్న ముక్కుపురుగును అది చంపదు. ముందు బియ్యం బాగా ఆరబోసి, డబ్బా తుడిచి పొడిగా ఉంచుకోవాలి. పంచదార డబ్బాలో చీమలకు రెండు వేస్తారు, కాకపోతే కాఫీలో కూడా లవంగం వాసన వస్తుంది. లవంగాలను ఎండ తగలని చోట, గాజు సీసాలో ఉంచండి. ప్లాస్టిక్ డబ్బాకు ఆ వాసన పడితే ఎన్నిసార్లు కడిగినా పోదు.

శబ్దార్థి:
తాంబూలంలో గుచ్చే లవంగానికి ప్రత్యేకంగా పేరుందా?

పోపులపెట్టె:
లవంగానికి లేదు, చుట్టిన ఆకుకు ఉంది, చిలక అంటారు. ఆకు తొడిమ, ఈనె తీసి, సున్నం పలచగా రాసి, వక్క పెట్టి మడిచాక లవంగాన్ని బుడిపె బయటికి ఉండేలా గుచ్చాలి. కాడ మొన మరీ మొద్దుగా ఉంటే ఆకు చీలుతుంది, అందుకని ముందు పుల్లతో చిన్న బెజ్జం పెట్టుకుంటే సరి. వేసుకునేటప్పుడు బుడిపె ఊడి పంటి సందులో ఇరుక్కుంటుంది, చూసుకోండి.