మజిల్‌లోడర్ వేటలో సీసపు గుండుకు మినహాయింపు ఉండాలా?

చర్చ ప్రారంభం: చెకుముకి

కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వన్యప్రాణిని తుపాకీతో వేటాడినా సీసం లేని గుండునే వాడాలన్న నియమం పూర్తిగా అమలులోకి వచ్చింది. మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకులకూ (మజిల్‌లోడర్లకు) సడలింపు లేదు. ఇవి మెత్తని సీసాన్ని నమ్ముకొని తయారైనవి, వాడేవారూ కొద్దిమందే. పైగా నిదానంగా వెళ్లే గుండు ఆధునిక తూటాలా మాంసంలో తునాతునకలు కాదు. కనుక మినహాయింపు న్యాయమని నా వాదన.

పాత అచ్చు

గుండు తక్కువగా చెదురుతుందన్నది నిజమే. కానీ గాయపడి దొరకకుండా పోయిన జింక ఒంట్లో అది మొత్తంగా మిగిలిపోతుంది. 1982లో 22కు పడిపోయి, ఎంతో శ్రమతో మళ్లీ పెంచిన కాండార్ రాబందులను నేటికీ అన్నిటికన్నా ఎక్కువగా చంపుతున్నది కళేబరాలలోని సీసమే.

ఇక తుపాకీ సంగతి. గుడ్డ పేలిక చుట్టిన గుండ్రని గుండు విషయంలో గుండును తిప్పే గొట్టం లోపలి మెలి చాళ్లను పట్టుకొనేది గుడ్డే తప్ప లోహం కాదు కనుక, గట్టి గుండైనా చక్కగా తిరుగుతూ పోతుంది. తేడా అంతా బరువులో ఉంది: 0.490 అంగుళాల గుండు సీసంతో సుమారు 177 గ్రెయిన్లు (తూటాల బరువు కొలమానం), బిస్మత్ అనే లోహంతో 152, తగరంతో 114 తూగుతుంది. తేలిక గుండు వేగంగా బయలుదేరినా గాలిలో త్వరగా నీరసిస్తుంది కాబట్టి, తగరం వాడేవారు జింకకు మరింత దగ్గరగా వెళ్లవలసిందే. నా దృష్టిలో అది పాత పద్ధతి వేటకు లోటు కాదు.

చెకుముకి

ఆ లెక్క మినీ (Minié) తూటాకు, అంటే అడుగు బోలుగా ఉండే తూటాకు, వర్తించదండీ. దాని బోలు అడుగు మందు ఒత్తిడికి విచ్చుకొని చాళ్లలో బిగుసుకోవాలి. పెళుసైన బిస్మత్‌తో అది జరగదు. రాగి తూటాకు ప్లాస్టిక్ తొడుగు వేయమంటారు గాని, కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో ఆ తొడుగే నిషిద్ధం.

పాత అచ్చు

మినీ తూటాకు నా దగ్గర జవాబు లేదు. వేటకు గుండ్రని గుండుకు మారమనే అంటాను. బిస్మత్ పెళుసుదనం తగరం కలిపితే కొంత తగ్గుతుంది. బిస్మత్ 271 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది కాబట్టి సీసం కరిగించే పొయ్యి చాలు. అయితే గడ్డకట్టేటప్పుడు సీసం కుంచించుకుపోతే బిస్మత్ ఉబ్బుతుంది. అదే అచ్చులో పోసిన గుండు కాస్త లావుగా వస్తుంది గనుక పలుచని గుడ్డ వాడాలి. పాత్ర మాత్రం కొత్తది కొనండి. నియమం ప్రకారం గుండు బరువులో సీసం 1 శాతానికి మించకూడదు, పాత పాత్ర అడుగున అంటుకున్న సీసమే ఆ హద్దు దాటించవచ్చు.