చికెన్ పఫ్‌లు పొంగడం లేదు, ట్రే నిండా నెయ్యి. ఎవరైనా చెప్పండి

కంటోన్మెంట్ కోడలు, విజయనగరం:
పొద్దున్నుంచి ఇదే పని మీద ఉన్నాను. విసుగొచ్చేసింది. ఇంట్లో చికెన్ పఫ్‌లు చేద్దామని మొదలుపెట్టాను. ఒక విడత పోయింది, రెండో విడతా అలాగే వచ్చింది. పొంగడం లేదు. ట్రేలో నెయ్యి మడుగు కడుతోంది. పైన రంగు వస్తోంది కానీ కొరికితే లోపల పచ్చి మైదా ముద్ద. కూర బాగా కుదిరింది, దాంట్లో తప్పేమీ లేదు. వీడియోలో చూపించినట్టే చతురస్రాలు కోసి, కూర పెట్టి, మడిచి, అంచులు ఫోర్కుతో నొక్కి, గుడ్డు రాసి ఓవెన్‌లో పెట్టాను. ఆవిడకి పొరలు పొరలుగా లేచాయి, నాకు లేవలేదు. సాయంత్రం మా ఆడపడుచు, పిల్లలు వస్తున్నారు. ఒకటే టెన్షన్. తప్పెక్కడో త్వరగా చెప్పండి.

పాలకొండ రోడ్డు:
ఏ ఓవెన్? ఎన్ని డిగ్రీలు?

ఆమదాలవలస అప్ప:
కూర బాగానే ఉందంటున్నావు గానీ తల్లీ, నాకు అక్కడే అనుమానం. అన్నంలోకి బాగున్న కూర పఫ్‌లోకి పనికిరాదు. ఎముకల్లేని ముక్కలు ఉప్పు, పసుపు వేసి ఉడకబెట్టి, చేత్తో పీచులు చెయ్యాలి. ఉల్లిపాయ సన్నగా తరిగి బాగా వేయించి, పచ్చిమిర్చి, మిరియాల పొడి, కొద్దిగా గరం మసాలా వేసి, చికెన్ కలిపి, తడి మొత్తం ఇగిరిపోయేదాకా పొయ్యి మీద ఉంచాలి. వేలితో తీస్తే వేలికి పులుసు అంటకూడదు. ఇంకా తడి ఉంటే ఉడికించిన బంగాళాదుంప ఒకటి మెదిపి కలుపు. టమాటా మాత్రం వెయ్యకు. అల్లం వెల్లుల్లి అప్పటికప్పుడు దంచింది వెయ్యి, డబ్బాలోది వేస్తే పఫ్ తుంచగానే ముందు ఆ వాసనే వస్తుంది. ఈమధ్య అందరూ చికెన్‌లో కూడా సాస్‌లు పోస్తున్నారు, అదేం రుచో నాకు అర్థం కాదు.

కంటోన్మెంట్ కోడలు:
అప్పా, కూర పొడిగానే ఉందండి. టమాటా వెయ్యలేదు. చల్లారాకే పెట్టాను. ఓవెన్‌కి ఏమీ కాలేదు, మొన్ననే కేకు చేశాను. 180 పెట్టాను.

పాలకొండ రోడ్డు:
180 చాలదు. 200. ఓటీజీనా (రాడ్లతో కాల్చే ఓవెన్), మైక్రోవేవా?

కంటోన్మెంట్ కోడలు:
ఓటీజీ.

పాలకొండ రోడ్డు:
ముందు ఖాళీగా వేడి చేశారా?

గానుగ మాస్టారు, చీపురుపల్లి:
అసలు ప్రశ్న పక్కన పెట్టి ఒక మాట చెప్పాలి. ట్రేలో మడుగు కట్టింది నెయ్యి అని మీరు ఎలా నిర్ధారించారు? బయట దొరికే పఫ్‌లలో ఎక్కువగా వెన్నకి బదులు వాడే మార్జరిన్, వనస్పతే. నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచేటప్పుడు ట్రాన్స్ ఫ్యాట్ పుడుతుంది. అది చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచి మంచిదాన్ని తగ్గిస్తుంది. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ ట్రాన్స్ ఫ్యాట్ పరిమితిని 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి దించింది. ఊరికే దించారా? గుండె జబ్బులు చూసే కదా. మన జిల్లాలో నువ్వులు పండవా, వేరుశనగ పండదా? గానుగ నూనెతో చక్కగా గారెలు, జంతికలు వండుకోక ఈ పొరల తిండి ఎందుకు? పిల్లలకి పెట్టేముందు పాకెట్ వెనక చదవండి.

బేకరీ బావు:
మాస్టారూ, మీరు చెప్పిన నిబంధన నిజమే. కానీ అది వచ్చాక మార్జరిన్ తయారీ కూడా మారింది. ట్రాన్స్ ఫ్యాట్ తగ్గించినవే ఇప్పుడు మార్కెట్లో దొరుకుతున్నాయి. అయినా ఆవిడ అడిగింది పఫ్ ఎందుకు పొంగలేదని, తినొచ్చా లేదా అని కాదు.
అమ్మా, నేను వైజాగ్‌లో కొన్నాళ్లు పఫ్ టేబుల్ మీద పనిచేసినోణ్ణి. ఇది ఈస్టుతో పొంగే పిండి కాదు. మైదా ముద్ద మధ్య కొవ్వు పెట్టి, ఒత్తి మడిచి, మళ్లీ ఒత్తి మడిచి చేస్తారు, అందుకే మైదా పొర, కొవ్వు పొర, మళ్లీ మైదా పొర అలా ఉంటాయి. ఓవెన్ వేడికి లోపలి నీరు ఆవిరై ఒక్కో పొరనీ పైకి తోస్తుంది. కొవ్వు మధ్యలో ఉండబట్టే మైదా పొరలు ఒకదానికొకటి అతుక్కోవు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే నెలలో మన వంటిళ్లలో ఎంత ఉంటుందో మీకే తెలుసు. బేకరీల్లో పఫ్‌కి ప్రత్యేకంగా గట్టి మార్జరిన్ వాడేది అందుకే, అది అంత తొందరగా కరగదు. మీరు పిండి ఒత్తేటప్పుడు ఫ్యాన్ కింద ఒత్తారా? మడతకీ మడతకీ మధ్య ఫ్రిజ్‌లో పెట్టారా? వెన్న ఏది వాడారు, కొన్నదా, ఇంట్లో చిలికిందా?

గానుగ మాస్టారు, చీపురుపల్లి:
తినొచ్చా లేదా అన్నదే అసలు ప్రశ్న.

లెక్కల పంతులు:
మడతలు ఎన్ని వేశారో చెప్పలేదు. మూడు మడత చొప్పున ఆరుసార్లు వేస్తే కొవ్వు పొరలు 729 వస్తాయి. తక్కువ వేస్తే పొరలు మందంగా ఉండి నెయ్యి బయటకి కారుతుంది.

బొబ్బిలి వీణ:
నాలుగు మడత వేసేవాళ్లూ ఉన్నారు పంతులుగారూ. నాలుగు మడత నాలుగుసార్లు వేస్తే 256. పఫ్‌కి అది చాలు. ఆరుసార్లు ఒత్తుతూ కూర్చుంటే ఈ ఎండకి మనమే కరిగిపోతాం.

లెక్కల పంతులు:
256 చాలదని నేననలేదు. లెక్క చెప్పాను. 729 కొవ్వు పొరలైతే మైదా పొరలు 730 అవుతాయి, ఎందుకంటే పైనా కిందా మైదాయే కాబట్టి. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు.

పాలకొండ రోడ్డు:
ఆవిడ మడతలు వేసిందని ఎక్కడ చెప్పింది?

కంటోన్మెంట్ కోడలు:
మడతలా? పిండి నేను చెయ్యలేదండి. రెడీమేడ్ పఫ్ షీట్లే. మా తమ్ముడు వైజాగ్‌లో సూపర్ మార్కెట్లో కొని తెచ్చాడు, ఫ్రీజర్‌లో ఉంటాయి కదా, అవి. నేను కోసి కూర పెట్టానంతే.

బొబ్బిలి వీణ:
ఇంతసేపూ మేము మడతలు లెక్కపెడుతుంటే!

బేకరీ బావు:
ఇది మొదటే చెప్పుంటే సగం పని అయిపోను. తమ్ముడు ఎలా తెచ్చాడు? ఐస్ పెట్టి తెచ్చాడా?

కంటోన్మెంట్ కోడలు:
బస్సులో తెచ్చాడు, ఎలా తెస్తాడు? రాగానే ఫ్రీజర్‌లోనే పెట్టాను కదా. గట్టిగా రాయిలా అయ్యాయి. ఈరోజు బయట పెట్టి మెత్తబడ్డాక వాడాను. పాకెట్ మీద గడువు తేదీ కూడా దాటలేదు.

బేకరీ బావు:
అదే మరి. వైజాగ్ నుంచి మీకు అరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎండలో బస్సు ప్రయాణం. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి ఇంటికొచ్చేసరికి ఆ షీట్లు పూర్తిగా కరిగే ఉంటాయి. లోపలి కొవ్వు మైదాలోకి ఇంకిపోతుంది. మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే గట్టిపడుతుంది, నిజమే, కానీ పొర మళ్లీ పొరగా మారదు. ఇంకిన కొవ్వంతా ఓవెన్ వేడికి బయటకొచ్చి మీ ట్రేలో మడుగు కట్టింది. ఇంకా షీటు మిగిలుంటే ఒక పని చెయ్యండి. గట్టిగా ఉండగానే పదునైన కత్తితో ఒక అంచు నిట్టనిలువుగా కోసి, పక్కనుంచి చూడండి. సన్నటి గీతలు కనబడితే పొరలు బతికున్నట్టు. అంతా ఒకే ముద్దలా ఉంటే దాంతో పఫ్ రాదు, మీరు 200 పెట్టినా 220 పెట్టినా.

పాలకొండ రోడ్డు:
ఓటీజీ ముందు వేడి చేశారా అని అడిగాను. జవాబు లేదు.

కంటోన్మెంట్ కోడలు:
చేశానండి, ఐదు నిమిషాలు.

పాలకొండ రోడ్డు:
పదిహేను చెయ్యాలి. రెండు రాడ్లూ ఆన్‌లో ఉండాలి. మధ్య అరలో పెట్టాలి.

హైదరాబాద్ చెల్లి:
మా వైపు దీన్నే లుక్మీ అంటారు. కీమా పెట్టి చేస్తారు, పెళ్లిళ్లలో తప్పనిసరి.

బొబ్బిలి వీణ:
లుక్మీ నూనెలో వేయిస్తారు చెల్లీ, ఇది ఓవెన్‌లో కాల్చేది. రెండూ చతురస్రమే గానీ పిండి వేరు.

కంటోన్మెంట్ కోడలు:
వీడియోలో అయితే హ్యాండ్ పై అన్నారు. ఏదైతేనేం, పేరు తర్వాత చూద్దాం. అంచు కోసి చూశాను. గీతలు ఉన్నట్టే ఉన్నాయి, లేనట్టే ఉన్నాయి. ఇంకొక పాకెట్ తెరవకుండా ఉంది. అదీ అదే బస్సులో వచ్చింది.

బేకరీ బావు:
అయితే దానిమీదా ఆశ పెట్టుకోకండి. కానీ పారెయ్యొద్దు. పొంగాలని చూడకుండా పల్చగా ఒత్తి, కూర తక్కువగా పెట్టి, అర్ధచంద్రాకారంలో మడిచి నూనెలో వేయించేయండి, మన కజ్జికాయలా. సన్న మంట మీద వేయిస్తే కరకరలాడుతూ వస్తాయి. పిండిలో కొవ్వు ఉంది కాబట్టి గుల్లగా కూడా ఉంటాయి. పిల్లలకి అదే బాగుంటుంది. లేదంటే కూర పెట్టకుండా పలకలు కోసి, ఫోర్కుతో గుచ్చి, వాము, ఉప్పు చల్లి కాల్చుకోండి, టీలోకి బాగుంటాయి.
ఇంకోసారి షీట్లు తెప్పిస్తే థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాకులు పెట్టి తెమ్మనండి. ఇంటికి రాగానే మెత్తబడి ఉంటే ఫ్రీజర్‌లో పెట్టకుండా ఫ్రిజ్ కింది అరలో పెట్టి మర్నాడే వాడెయ్యండి. గట్టిగానే వస్తే ఫ్రీజర్‌లో పెట్టి, వాడే ముందు రాత్రి కింది అరలోకి దించండి. బయట మెత్తబెట్టొద్దు. కోసి, కూర పెట్టాక కూడా ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, చల్లగా ఉండగానే వేడి ఓవెన్‌లోకి పంపాలి. చల్లటి పిండి, వేడి ఓవెన్. ఓవెన్ చల్లగా ఉంటే ఆవిరి పుట్టేలోపే కొవ్వు కరిగి కిందికి దిగిపోతుంది. 200లో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. మొదటి పావుగంట తలుపు తియ్యకండి.
ఇంకోటి. గుడ్డు పైనే రాయాలి. కోసిన అంచుల మీదికి కారితే అది గట్టిపడి పొరల్ని అతికించేస్తుంది. అతికించడానికి లోపల కాస్త నీళ్లు తడిపితే చాలు. ఫోర్కుతో అంచు చివరిదాకా అణిచెయ్యకండి, కాస్త లోపలికి నొక్కండి. పైన చిన్న గాటు పెడితే కూర ఆవిరి పోతుంది.

ఆమదాలవలస అప్ప:
నూనెలో వేయించేటట్టయితే కూరలో కొత్తిమీర, పుదీనా కాస్త ఎక్కువ వెయ్యి. కూర బాగా పొడిగా ఉండాలి, లేకపోతే నూనెలో విచ్చుకుపోతాయి. నేను ముందే చెప్పాను, అంతా కూరలోనే ఉందని.

గానుగ మాస్టారు, చీపురుపల్లి:
చివరికి నూనెలోనే తేలారు. అదే గానుగ నూనె అయితే అభ్యంతరం లేదు.

లెక్కల పంతులు:
256కి మైదా పొరలు 257.

టెక్కలి:
గుడ్డు తినని ఇంట్లో పైన ఆ రంగు రావాలంటే ఏం రాయాలి?

బొబ్బిలి వీణ:
పాలు రాస్తే చాలు, కాస్త లేత రంగు వస్తుంది. పాలలో చిటికెడు పంచదార కలిపితే ముదురుతుంది, కానీ తొందరగా మాడుతుంది, చూసుకోవాలి.

కంటోన్మెంట్ కోడలు:
వాళ్లు వచ్చేశారు. వేయించి పెట్టేశాను, అయిపోయాయి. బావుగారికి థాంక్స్. రెండో పాకెట్ సంగతి రేపు చూస్తా.

పాలకొండ రోడ్డు:
రేపటిదాకా ఫ్రీజర్‌లోంచి తియ్యకండి.

బొబ్బిలి వీణ:
ఇంతకీ ఆ షీట్లలో ఉన్నది వెన్నా, మార్జరినా? పాకెట్ మీద ఏం రాసుంది?

గానుగ మాస్టారు, చీపురుపల్లి:
నేను పొద్దున్నే అడిగింది అదే.

టెక్కలి:
శ్రీకాకుళంలో ఏడు రోడ్ల దగ్గర ఓటీజీ రాడ్ మార్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మాది కింది రాడ్ ఎర్రబడటం లేదు.