టీచర్ వీసాకి మెడికల్: పరీక్ష తప్పా, పద్ధతి తప్పా?

మస్కట్ లెక్కల టీచర్

నాతో బీఈడీ చదివిన కర్నూలు అమ్మాయి ఒకామెకి మొన్న ఇక్కడ ఒక స్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఆన్‌లైన్‌లో డెమో క్లాస్ చెప్పింది, ఆఫర్ లెటర్ కూడా చేతికొచ్చింది. మెడికల్ దగ్గర ఆగిపోయింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన చిన్న మచ్చ ఉందట. ఇంటర్‌లో ఉండగా టీబీ వస్తే ఆర్నెల్లు మందులు వాడి తగ్గించుకుంది. అది జరిగి పదిహేనేళ్లు. ఇప్పుడు దగ్గు లేదు, జ్వరం లేదు. కళ్లె పరీక్ష చేయించినా క్రిములు లేవనే వచ్చింది. అయినా రిపోర్టులో అన్‌ఫిట్.

గల్ఫ్ మెడికల్ అంటే తెలుసు కదా, గల్ఫ్ వీసా కోసం మన ఊళ్లోనే చేయించుకునే వైద్య పరీక్ష. ఇదివరకు గాంకా అనేవాళ్లం, ఇప్పుడు వాఫిద్. టీబీ, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, ఆడవాళ్లకు గర్భం కూడా చూస్తారు. గల్ఫ్ దేశాల్లో చాలావాటికి ఇదే పద్ధతి.

నన్ను తొలిచేస్తున్నది ఒక్కటే ప్రశ్న. అదే బడిలో పాఠం చెప్పే స్థానిక టీచర్‌కి లేని పరీక్ష బయటి నుంచి వచ్చిన టీచర్‌కి ఎందుకు? అందరూ చెప్పండి.

షార్జా సోషల్ మేడం

అన్నా, పరీక్షే వద్దంటే నేను ఒప్పుకోను. నేను టీచర్నే, ఇద్దరు పిల్లల తల్లిని కూడా. కిటికీలు తెరవని ఏసీ గదిలో ముప్పై మంది పిల్లలతో రోజంతా గడుపుతాం. టీబీ గాలి ద్వారా అంటుకుంటుంది. ప్రపంచంలోని టీబీ కేసుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. ఆర్నెల్లకు మించి ఉండటానికి మనవాళ్లు బ్రిటన్ వెళ్లాలన్నా ముందు టీబీ పరీక్ష కావాలి. వాళ్ల పిల్లల గురించి వాళ్లు జాగ్రత్త పడితే తప్పేముంది? షరతు తెలిసే కదా మనం అప్లై చేస్తాం.

మారింది కూడా చెప్పాలి. యూఏఈలో 2016లో నిబంధన మార్చారు. వీసా రెన్యువల్‌కి వెళ్లినప్పుడు టీబీ బయటపడితే ఇదివరకులా పంపేయడం లేదు. మందులిచ్చి, ఏడాదికి షరతులతో ఫిట్‌నెస్ ఇస్తున్నారు.

ఛాతీ డాక్టర్, గుంటూరు

మేడం గారూ, గాలి ద్వారా వస్తుందన్నది నిజం. కానీ అంటించేది ఊపిరితిత్తుల్లో చురుగ్గా ఉన్న టీబీ. మానిన పుండుకి మిగిలిన మచ్చ ఎవరికీ ఏమీ అంటించదు. ఎక్స్‌రేలో మచ్చ కనబడితే తర్వాత కళ్లె పరీక్ష, కల్చర్ (కళ్లెలో క్రిములు పెరుగుతాయేమో ల్యాబులో చూడటం) చేసి, అప్పుడు తేల్చాలి. మీరు చెప్పిన బ్రిటన్ పద్ధతిలో జరిగేది అదే. ఎక్స్‌రేలో అనుమానం వస్తే కళ్లె తీస్తారు, జబ్బు ఉందని తేలితే చికిత్స పూర్తి చేసుకుని మళ్లీ రావచ్చు. దారి మూయరు.

హెచ్ఐవీ, హెపటైటిస్ బి సంగతి ఇంకా స్పష్టం. పలక పట్టుకుని దిద్దిస్తే రావు, ఒక బల్ల మీద అన్నం తింటే రావు. ఆ రెండు పరీక్షలతో తరగతి గదిలో పిల్లలకు దొరికే రక్షణ ఏమిటో నా ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో నాకు అర్థం కాలేదు.

ఫ్రెస్నో నుంచి

నేను జే-1 (ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం) వీసా మీద కాలిఫోర్నియాలో సైన్స్ చెబుతున్నాను. చేరేటప్పుడు నన్నూ టీబీ గురించి అడిగారు. పక్క క్లాసులో చెప్పే అమెరికన్ టీచర్‌నీ అడిగారు. ఇక్కడి బడుల్లో చేరే ప్రతి ఒక్కరికీ ముందు రిస్క్ ప్రశ్నలు, అనుమానం ఉంటేనే టెస్టు. నాలుగేళ్లకోసారి మళ్లీ. ఆ కాగితం నింపుతుంటే నాకు ఏమీ అనిపించలేదు, ఎందుకంటే నా వెనక లైన్లో ప్రిన్సిపాల్ నిలబడి ఉంది.

షార్జా సోషల్ మేడం

సరే, మచ్చ గురించి డాక్టర్ గారు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ పరాయి దేశం వాళ్లకి వేరే రూలు పెట్టుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది కదా? దాన్ని ఎవరు కాదనగలరు?

మస్కట్ లెక్కల టీచర్

కాదన్నవాళ్లు ఉన్నారు మేడం. దక్షిణ కొరియా సంగతి చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

అక్కడ ఇంగ్లిష్ చెప్పడానికి వేలమంది విదేశీయులు ఈ-2 వీసా మీద వెళతారు. 2007లో, అంతకుముందు అక్కడ టీచర్‌గా చేసిన ఒక కెనడా దేశస్థుణ్ణి పిల్లలపై లైంగిక అఘాయిత్యాల కేసులో థాయిలాండ్‌లో పట్టుకున్నారు. కొరియాలో పేపర్లన్నీ గగ్గోలు పెట్టాయి. నేర చరిత్ర చూడటం మొదలుపెట్టారు, అది సబబే. దానితో పాటు హెచ్ఐవీ పరీక్ష, డ్రగ్స్ పరీక్ష కూడా తగిలించారు. పిల్లల మీద అఘాయిత్యానికీ హెచ్ఐవీకీ ఏమిటి సంబంధం? ఒక్కడు చేసిన పాపానికి వేలమంది రక్తం ఇవ్వాల్సి వచ్చింది. కొరియా టీచర్లకు ఆ పరీక్ష లేదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నా కొరియా సంతతి వాళ్లయితే వాళ్లకీ లేదు. అంటే చూసింది జబ్బుని కాదు, పుట్టుకని.

కొరియాలోని ఉల్సాన్‌లో న్యూజిలాండ్ టీచర్ ఒకామె 2009లో కాంట్రాక్టు పొడిగింపుకి మళ్లీ ఆ పరీక్ష చేయించుకోమంటే చేయించుకోనంది. ఉద్యోగం పోయింది. ఆమె కేసు జెనీవాలో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ దాకా వెళ్లింది. ఆమె హక్కులకు భంగం కలిగిందని, పరిహారం ఇవ్వాలని 2015లో ఆ కమిటీ తేల్చింది. 2017లో కొరియా ఆ టీచర్లకు హెచ్ఐవీ పరీక్ష ఎత్తేసింది. 2019లో సియోల్ కోర్టు ఆమెకు ప్రభుత్వం 3 కోట్ల వోన్‌లు చెల్లించాలంది. ఒక బడిపంతులమ్మ పదేళ్లు పోరాడితే ఇంత జరిగింది.

మన ఇంటి సంగతి కూడా చూడాలి. ఉద్యోగానికి హెచ్ఐవీ పరీక్ష షరతుగా పెట్టకూడదని మన దేశంలో 2017 చట్టం ఉంది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. కానీ విదేశీ ఉద్యోగం పేరుతో మన ఊళ్లోనే, మన మెడికల్ సెంటర్లోనే రోజూ ఆ రక్తం తీస్తున్నారు. పరీక్షకు ముందు కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు ఎవరు?

నా మెడికల్ రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఎక్స్‌రే గది ముందు ఆడవాళ్లు మంగళసూత్రాలు తీసి రుమాల్లో మూటగట్టి చేతిలో పట్టుకుని నిలబడ్డారు. లోపలికెళితే ఊపిరి బిగబట్టమన్నారు, "అయిపోయింది, తర్వాతివాళ్లు రండి" అన్నారు. సాయంత్రం కౌంటర్ దగ్గర ఒకబ్బాయి కాగితం తీసి, లైన్లో ఉన్న ఒక కుర్రాడి పేరు పిలిచి "నీది అన్‌ఫిట్" అని అందరికీ వినబడేలా చెప్పాడు. దేనికి అన్‌ఫిట్టో చెప్పలేదు. ఆ కుర్రాడు అడిగితే మీ ఏజెంట్‌కి చెప్పాం, ఆయన్నే అడుగు అన్నాడు. ఒంట్లో ఏముందో ఆ కుర్రాడికంటే ముందు ఏజెంట్‌కి తెలిసింది.

కాబట్టి టీబీ చూడండి, వద్దనను. గదిలో చాక్‌పీస్ పట్టుకునే ప్రతివాళ్లకీ చూడండి, మచ్చకీ జబ్బుకీ తేడా తేల్చండి, జబ్బు ఉంటే మందివ్వండి, రిపోర్టు ముందు మా చేతికివ్వండి.

షార్జా సోషల్ మేడం

కొరియా సంగతి నాకు తెలియదు. హెచ్ఐవీ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. టీబీ ఎక్స్‌రే విషయంలో మాత్రం అదే మాట మీద ఉన్నాను, అందరికీ పెట్టమనండి, నేనే ముందు నిలబడతాను. ఆ కర్నూలు అమ్మాయి సంగతి ఏమైంది?

మస్కట్ లెక్కల టీచర్

డాక్టర్ గారు పైన చెప్పినట్టే కల్చర్‌కి ఇచ్చింది. రిపోర్టు రావడానికి ఆరు వారాలు పట్టొచ్చట. స్కూల్ వాళ్లు నెలాఖరు దాకా ఆగుతామన్నారు. పాత టీబీ చికిత్స కార్డు కోసం వాళ్ల నాన్నగారు ఇంట్లో ట్రంకుపెట్టెలన్నీ వెతుకుతున్నారు. గల్ఫ్ మెడికల్‌లో మచ్చకి అన్‌ఫిట్ వచ్చి, మళ్లీ చూడమని అడిగి ఫిట్ తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే ఏ కాగితాలు పెట్టారో రాయండి.