నడక రాకముందే బడిలో వేయొచ్చా? సీపీ పిల్లల అమ్మానాన్నలు చెప్పండి

బంగారుపాళ్యం అమ్మ:
మా పిల్లోడికి ఆరేళ్లు నిండాయి. ఏడో నెలలోనే పుట్టాడు, కేజీ మూడొందల గ్రాములు. సెరిబ్రల్ పాల్సీ (సీపీ) అన్నారు, మెదడుకు దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ మాట వినకపోవడమట. రెండు కాళ్లూ బిగుసుకుని ఉంటాయి, నిలబెడితే కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడతాయి. కూర్చోగలడు. అన్నం తానే తింటాడు, సగం ఒంటి మీద పోసుకుంటాడనుకోండి. మాట కొంచెం ముద్దగా వస్తుంది. బస్సుల మీద ఊరి పేర్లన్నీ చదివేస్తాడు. బడిలో అడిగితే ‘నడక రానీండమ్మా, అప్పుడు చూద్దాం’ అన్నారు. మా అత్తదీ అదే మాట, ఇంకో రెండేళ్లు ఫిజియో మీదే పెట్టమంటుంది. పక్కింటి పిల్లలు బ్యాగులేసుకుని పోతుంటే వీడు గడప దగ్గర కూర్చుని చూస్తుంటాడు. నాకు ఏమీ తోచడం లేదు.

పలమనేరు నాన్న:
అమ్మా, మేం పెద్దల మాటే విన్నాం. మా పాపకు ఐదు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఫిజియో తప్ప ఇంకో లోకం లేదు. వారానికి మూడు రోజులు బస్సెక్కి వేలూరు. ఇప్పుడు వాకర్ పట్టుకుని ఇంట్లో పది అడుగులు వేస్తుంది, సంతోషమే. కానీ ఎనిమిదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే, ఈ అక్క ఇక్కడెందుకుంది అని పిల్లలు అడిగారు. ఆ మూడేళ్లు ఎవరిస్తారు?

పుత్తూరు మాస్టారు:
నేను ముప్ఫై ఏళ్లు పల్లె బడుల్లో పనిచేశాను. చేర్చుకోవడం సులువే, ఆ తర్వాతే ఉంది కష్టం. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు. మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కడ్డీ ఉండదు. నా బడిలోనే ఒక పిల్లాడు బాత్రూమ్‌కి పోవాల్సొస్తుందని పొద్దుటి నుంచి నీళ్లు తాగేవాడు కాదు. నాకు ఆ సంగతి ఆర్నెల్లకు తెలిసింది. మండలంలో వైకల్యం ఉన్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత సెంటర్ ఉంటుంది, ముందు అక్కడ అలవాటు చేయండి. తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే వీలు చట్టంలోనే ఉంది.

చంద్రగిరి కుర్రాడు:
మాస్టారూ, నమస్కారం. నాకూ సీపీయే, ఇరవై ఏడేళ్లు. పుట్టగానే కామెర్లు ముదిరి మెదడుకెక్కాయి. చేతులు నా మాట వినవు, నోరూ అంతే. నా మాట అర్థం కాక నాకు బుద్ధే లేదనుకున్నారు. సీపీ ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి తెలివికి ఏ లోటూ ఉండదు, ఇది ఎంతమంది టీచర్లకు తెలుసు? నాకూ ‘ఇంటి దగ్గర చదువు’ రాశారు. పేరు రిజిస్టర్లో ఉండేది, చదువు చెప్పే మనిషి వచ్చేవాడు కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం గానీ అంతకు మించి గానీ వైకల్యం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరలోని బడిలో గానీ ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. ఏ బడో ఎంచుకోవాల్సింది మనం. నడక వస్తేనే అన్న షరతు అందులో లేదు. అక్కా, వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ చేయించారా?

మదనపల్లె మామ:
ఇదంతా ఎందుకు, స్టెమ్ సెల్ ఇంజెక్షన్ వేయిస్తే నడక వచ్చేస్తుందంట. నాలుగైదు లక్షలవుతుంది.

తిరుపతి ఫిజియో:
మామా, దయచేసి ఆ మాట ఇక్కడ వద్దు. సీపీకి స్టెమ్ సెల్ వైద్యంగా రుజువు కాలేదు. పరిశోధనకు తప్ప వాడకూడదని 2017లోనే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పింది. పొలాలు అమ్ముకుని వచ్చినవాళ్లను చూశాను.

అమ్మా, మీ ప్రశ్నకు వస్తాను. కాళ్లకు వెళ్లే నరాల దారులు మెదడులో నీటి గదుల పక్కనుంచే పోతాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో దెబ్బ అక్కడే ఎక్కువ తగులుతుంది, అందుకే చేతులకంటే కాళ్లు బిగుస్తాయి. ఆ దెబ్బ పెరగదు. ఎముక మాత్రం పెరుగుతుంది, బిగుసుకున్న కండ దానితో సమానంగా సాగదు. అందుకని ఫిజియో మానకూడదు. కానీ కెనడాలో 657 మంది సీపీ పిల్లల్ని గమనించి 2002లో వేసిన లెక్క ఒకటుంది. కూర్చోవడం, నిలబడడం, నడవడం లాంటి వాటిలో పిల్లవాడు ఎంతవరకు రాగలడో, అందులో 90 శాతం సుమారు ఐదేళ్లకే వచ్చేస్తుంది. ఆరేళ్ల పిల్లాణ్ని నడక కోసం ఇంట్లో ఆపితే రెండేళ్ల తర్వాత కూడా మీరు ఇదే ప్రశ్న అడుగుతారేమో. ఇంతకీ ఎన్నేళ్లకు కూర్చున్నాడు? రెండేళ్లలోపు ఆసరా లేకుండా కూర్చుని ఉంటే వాకర్‌తోనో కర్రతోనో నడిచే అవకాశం బాగానే ఉంది. తుంటి ఎముక ఎక్స్‌రే మాత్రం అప్పుడప్పుడు తీయించండి, కీలులోంచి మెల్లగా జారొచ్చు, నొప్పి వచ్చేదాకా తెలియకపోవచ్చు. కాళ్ల ఆపరేషన్ గురించి ఎవరైనా చెబితే తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో ఒకసారి చూపించుకోండి.

పుత్తూరు మాస్టారు:
సరే, లెక్క ఒప్పుకుంటాను. మరి రోజంతా నేల మీద కాళ్లు వెనక్కి మడిచి కూర్చుంటే? తరగతిలో అందరూ నేల మీదే కదా. మీరు సాగదీసిందంతా అక్కడ బిగుస్తుంది.

తిరుపతి ఫిజియో:
ఆ మాట నిజమే సార్. కుర్చీ, బల్ల లేకుండా పంపొద్దు.

పలమనేరు నాన్న:
కుర్చీ మనమే చేయించుకోవాలి. సాయంత్రం ఫిజియో, పగలు బడి. మాకు ఇప్పుడు అలాగే నడుస్తోంది, పాప అలిసిపోయి ఎనిమిదికే పడుకుంటుంది.

బంగారుపాళ్యం అమ్మ:
ఏడాదిన్నరకే కూర్చున్నాడు సార్. సదరం ఉంది తమ్ముడూ, 60 శాతం వేశారు, కానీ బడికి తీసుకెళ్లాలని తోచలేదు. నిన్న ఆ కాగితం పట్టుకుని వెళ్లాను. చేర్చుకుంటామన్నారు, ముఖం మాత్రం మాడ్చుకుని. మాస్టారు చెప్పిన నీళ్ల సంగతి విన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు. భోజనాల గంటకు నేనే వెళ్లి బాత్రూమ్‌కి తీసుకెళ్తా. మా అత్త ఇంకా మాట్లాడడం లేదు. వడ్రంగి కొలతలు అడుగుతున్నాడు, కుర్చీ ఎంత ఎత్తు పెట్టమనాలి?

తిరుపతి ఫిజియో:
పిల్లాణ్ని కూర్చోబెట్టి మడమ నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవండి, స్ప్లింట్ (కాలికి ఊతంగా తొడిగేది), బూటు వేసే కొలవాలి. అదే సీటు ఎత్తు. పాదం గాల్లో వేలాడకూడదు. బల్ల మోచేతి ఎత్తుకు. తొడల మధ్య చిన్న దిమ్మె పెట్టమనండి, కత్తెర పడకుండా. మూలలు నున్నగా రుద్దమనండి.