పెళ్లి కోసం మంచి పళ్లను అరగదీయించి వెనీర్లు వేయించాలా?

పడమటి మండలం అన్న:
మా చెల్లి పెళ్లి మాఘమాసంలో, తిరుచానూరులో మండపం కూడా మాట్లాడేశాం. తన ముందు పళ్ల మీద చిన్నప్పటి నుంచీ గోధుమరంగు చారలున్నాయి. పాత చిత్తూరు జిల్లా పడమటి వైపు బోరు నీళ్లు తాగి పెరిగినోళ్లం, మా ఊళ్లో సగం మందికి ఇంతే. తిరుపతిలో ఒక క్లినిక్‌లో చూపిస్తే పై పళ్లు ఎనిమిదింటికీ వెనీర్లు, అంటే పన్ను ముందువైపు అతికించే పల్చటి పెంకులు, వేస్తామన్నారు, పన్నుకి పన్నెండు వేలు. డబ్బు ఎట్లాగో సర్దుతాం గానీ, అతికించే ముందు ఉన్న పన్నును అరగదీస్తారంట. పుచ్చు లేదు, నొప్పి లేదు, అట్లాంటి పన్నును అరగదీయించడం ఏంటని నాకు టెన్షన్.

కొర్లగుంట అక్క:
వేయించు తమ్ముడూ. మగపిల్లలు ఎట్లా నవ్వినా ఎవరూ పట్టించుకోరు. ఆడపిల్ల చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే మీ ఇంట్లో వాళ్లకి అలవాటైపోయి కనపడదు, ఆమెకి మాత్రం ప్రతి ఫోటో దగ్గరా గుర్తొస్తుంది. నగలకి లక్షలు పోస్తాం, పళ్లకి పెడితే తప్పా?

పీలేరు పెద్దాయన:
ఈ క్లినిక్కులన్నీ వ్యాపారమే నాయనా. మా నాయన చివరిదాకా వేపపుల్లే, చెరుకు గడ పళ్లతోనే చీల్చేవాడు. ఉప్పూ బొగ్గుపొడీ కలిపి నెల రోజులు రుద్దమను, మచ్చలు అవే పోతాయి. క్లీనింగ్ మాత్రం చేయించొద్దు, పళ్లు కదుల్తాయి.

చిత్తూరు పళ్ల డాక్టర్:
పెద్దాయనా, వేపపుల్ల మీద నాకేం కోపం లేదు, మెత్తగా నమిలి చిగురు గీరుకోకుండా తోముకుంటే పాచి పోతుంది. బొగ్గు మాత్రం చెప్పకండి. ఇది బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే మచ్చ, పన్ను పైన అంటుకున్నది కాదు, ఎనామిల్ (పన్ను మీది గట్టి పొర) తయారయ్యేటప్పుడే లోపల పడింది. గరుకు పొడి పెట్టి రుద్దితే మచ్చ అక్కడే ఉంటుంది, ఎనామిల్ అరిగి చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది. క్లీనింగ్ వల్ల పళ్లు కదలవు. గార అప్పటికే చిగురునీ ఎముకనీ తినేసి ఉంటే, అది తీశాక వదులు బయటపడుతుంది, అంతే.

ఇక అన్న అడిగినదానికి. తాగేనీళ్లలో లీటరుకి 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదనేది మన దేశ ప్రమాణం, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు. అంతకు మించిన నీళ్లు ఎనిమిదేళ్లలోపు తాగితే ముందు పళ్ల మీద ఇట్లా వస్తుంది, ఆ తర్వాత కొత్తగా రాదు. ఎనామిల్ ఒకసారి తీస్తే మళ్లీ పెరగదు కాబట్టి, నేనైతే తక్కువ తీసేదానితో మొదలుపెడతాను. ముందు క్లీనింగ్, తర్వాత మైక్రో అబ్రేషన్ అని ఆమ్లం కలిపిన పేస్టుతో పైపొర కొద్దిగా, మైక్రాన్ల లెక్కన తీస్తాం, ఆ తర్వాత మందు పెట్టి పన్ను రంగు తేల్చే బ్లీచింగ్. గోధుమ మచ్చలు దీనికి చాలావరకు లొంగుతాయి. తెల్ల మచ్చలుంటే మొదట్లో ఇంకా ఎక్కువ కనిపించొచ్చు, భయపడొద్దు. వెనీర్ కోసం సుమారు అర మిల్లీమీటరు తీస్తాం, పైగా అది జీవితాంతం ఉండదు, పదిపదిహేనేళ్లకి మార్చాలి. పెళ్లీడు పిల్లకి ఎనిమిది పళ్లకి వేస్తే ఎన్నిసార్లు మార్చాలో లెక్కేసుకోండి. పన్ను పెళుసై పెచ్చులూడుతుంటే వెనీరే వేస్తాను, కాదనను.

తిరుపతి కుర్రోడు:
సార్, ఫ్లోరైడ్ వల్లే మచ్చలైతే మరి ఫ్లోరైడ్ పేస్ట్ ఎందుకు అమ్ముతున్నారు?

చిత్తూరు పళ్ల డాక్టర్:
పెద్దవాళ్లకి పేస్ట్ వల్ల మచ్చ రాదు, పుచ్చు తగ్గుతుంది. చిన్నపిల్లలు మింగేస్తారు, అందుకే మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి బఠాణీ గింజంత చాలు.

కొర్లగుంట అక్క:
అన్నీ బాగానే చెప్పారు గానీ డాక్టర్ గారూ, ముహూర్తం మీ మైక్రాన్ల కోసం ఆగదు కదా. బ్లీచింగ్ అయ్యాక కూడా మచ్చ మిగిలితే అప్పుడు వెనీర్‌కి టైమెక్కడ? అయినా అన్న అడుగుతున్నాడు, డాక్టర్ చెబుతున్నాడు, పెద్దాయన చెరుకు కథ చెబుతున్నాడు, ఆ పిల్ల ఏమంటుందో ఒక్కరూ అడగలేదు.

పడమటి మండలం అన్న:
అడిగానక్కా. గోధుమరంగు పోతే చాలంట, టీవీ యాంకర్లలాగా ఒకే తెలుపు వద్దంట. అత్తగారి వైపు నుంచి ఎవరూ ఏమీ అనలేదు, ఇదంతా మా అమ్మ హడావుడి.

చిత్తూరు పళ్ల డాక్టర్:
అయితే వెనీర్ల ఊసే వద్దు. మాఘానికి సరిపడా టైముంది, ఇప్పుడే మొదలుపెట్టండి. ఒకటి రెండు పళ్లకి మచ్చ మిగిలితే, బ్లీచింగ్ ఆపి రెండు వారాలాగి, దాని మీద కాంపోజిట్, అంటే పన్ను రంగులో ఉండే ఫిల్లింగ్, వేస్తే ఒక్క పూటలో పని. ఖర్చు తగ్గాలంటే రేణిగుంట రోడ్డు డెంటల్ కాలేజీలో కూడా చూపించుకోవచ్చు.

కొర్లగుంట అక్క:
కాంపోజిట్ రెండేళ్లకే పసుపు తిరుగుతుంది, మన ఇళ్లలో కాఫీకి కొదవా!

చిత్తూరు పళ్ల డాక్టర్:
తిరుగుతుంది, పాలిష్ చేస్తాం, పోతే మళ్లీ వేస్తాం. కింద ఆమె పన్ను ఆమెకి ఉంటుంది.

పడమటి మండలం అన్న:
సరే సార్. ఇంకొకటి, మా పాపకి నాలుగేళ్లు, బోరు నీళ్లే కాచి చల్లార్చి ఇస్తున్నాం, పర్లేదు కదా?

చిత్తూరు పళ్ల డాక్టర్:
ఆపండి. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. ముందు ఆ బోరు నీళ్లు టెస్ట్ చేయించండి, ఈలోపు పాపకి తాగడానికీ అన్నం వండడానికీ ఆర్‌వో నీళ్లే వాడండి.